రాత్రి ప్రయాణాలకు అడాప్టివ్ హెడ్‌లైట్లు: నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఎంతవరకు పనికొస్తాయి?

మల్లేపల్లి_దారి (కొండమల్లేపల్లి)

అందరికీ నమస్కారం. నల్లగొండలో జూనియర్ కళాశాల అధ్యాపకుణ్ణి. సాయంత్రం ప్రత్యేక తరగతులు ముగించుకొని కనగల్ మీదుగా ఇంటికి బయలుదేరేసరికి చీకటి పడుతుంది. రెండు వరుసల రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు, ఊరు దాటితే వీధిదీపం ఉండదు. ఎదురుగా వచ్చేవాళ్లలో చాలామంది హై బీమ్ దించరు. బండి దాటిపోయాక కొన్ని క్షణాలు ముందున్న రోడ్డే కనిపించదు. ఆ క్షణాల్లో అంచున ఎవరైనా నడుస్తున్నారేమో అన్న భయం నన్ను వదలడం లేదు.

ఇప్పుడు కొత్త కారు కొనబోతున్నాను. పై వేరియంట్‌లో అడాప్టివ్ హెడ్‌లైట్లు ఉన్నాయని, వాటంతట అవే సర్దుకుంటాయని షోరూములో చెప్పారు. దానికి లక్షన్నర దాకా ఎక్కువ పెట్టాలి. విదేశాల్లో బాగా పనిచేస్తాయని చదివాను. మన రోడ్ల మీద వాడినవాళ్లు, ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి. పెట్టవచ్చా?

వనపర్తి_లైటింగ్ (ప్రస్తుతం పుణె)

నేను వాహన దీపాల తయారీ రంగంలో పనిచేస్తున్నాను. డబ్బు కట్టే ముందు ఒక సంగతి తేల్చుకోండి. షోరూముల్లో మూడు వేర్వేరు ఏర్పాట్లను ఇదే పేరుతో అమ్ముతున్నారు.

మొదటిది ఆటో హై బీమ్. ముందు అద్దం వెనక ఉన్న కెమెరా ఎదుటి బండి దీపాలనో, ముందు వెళ్తున్న బండి ఎర్ర దీపాలనో గుర్తించగానే హై బీమ్ మొత్తాన్ని లో బీమ్‌కు దించుతుంది. మీ చెయ్యి చేసే పనే. కాకపోతే మరిచిపోదు, విసుగు పడదు. మధ్య ధర కార్లలో ఎక్కువగా ఉన్నది ఇదే.

రెండోది మలుపు దీపాలు. స్టీరింగ్ ఎటు తిరిగితే కాంతి అటు తిరుగుతుంది. ఈ ఆలోచన పాతదే. 1948 నాటి అమెరికన్ కారు టక్కర్‌లో మధ్యన ఉన్న మూడో దీపం స్టీరింగ్‌తో పాటు తిరిగేది. 1967లో సిట్రోయెన్ డీఎస్ కారుకు లోపలి జత దీపాలను అలాగే తిరిగేలా కలిపారు. తక్కువ ధర కార్లలో దీని బదులు, తిప్పిన వైపు ఫాగ్ ల్యాంపు ఒక్కటి వెలిగేలా ఇస్తున్నారు.

మూడోది మ్యాట్రిక్స్, అంటే ఏడీబీ (అడాప్టివ్ డ్రైవింగ్ బీమ్). నా దృష్టిలో అసలైన మార్పు ఇదే. హెడ్‌లైటు లోపల విడివిడిగా వెలిగి ఆరే ఎల్ఈడీలు ఉంటాయి. 2013లో ఆడి ఏ8 కారులో ఒక్కో వైపు 25 ఉండేవి, 2016 మెర్సిడెస్ ఈ క్లాస్‌లో 84 అయ్యాయి. ఇప్పుడు పది లక్షలకు పైగా అతి చిన్న అద్దాలతో కాంతిని మలిచే దీపాలు కూడా ఉన్నాయి. హై బీమ్ వెలుగుతూనే ఉంటుంది. ఎదుటి బండి ఉన్న ముక్కను మాత్రం కెమెరా చెప్పినట్టు చీకటి చేస్తారు, ఆ బండి కదిలేకొద్దీ చీకటి ముక్క కూడా కదులుతుంది. ఐరోపాలో ముందే అనుమతించారు కాని, అమెరికాలో నిబంధన మార్చడానికి 2022 ఫిబ్రవరి దాకా పట్టింది.

ఇది ఎందుకు ముఖ్యమో లెక్కలో చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతాం. ఆపదను చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి సెకనున్నర అనుకుంటే అప్పటికే 33 మీటర్లు. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 68. మామూలు లో బీమ్‌లో స్పష్టంగా కనిపించేది 40 నుంచి 60 మీటర్లు. అంటే లో బీమ్‌తో 80లో పోయేవాళ్లు తమ కంటికి ఇంకా కనిపించని చోటును నమ్ముకొని పోతున్నట్టే. ఎదురుగా బండి వచ్చినప్పుడు మనం లో బీమ్‌కు దించక తప్పదు, సరిగ్గా అప్పుడే ఎడమ అంచు చీకటవుతుంది. మ్యాట్రిక్స్ దీపం ఆ ఎడమ అంచును వెలుగులోనే ఉంచుతుంది. ఆటో హై బీమ్ ఉంచలేదు.

కాబట్టి మీ కారు బ్రోచర్‌లో ఈ మూడింటిలో ఏది రాసి ఉందో చూసి చెప్పండి.

ట్రైలర్_డ్రైవర్ (సూర్యాపేట)

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు రోడ్డు మీద చాలా ఏళ్లుగా సరుకు తోలుతున్నాను. కొత్త కార్ల దీపాల గురించి మా వైపు మాట కూడా వినండి.

డివైడర్ మీద చెట్లు పెంచింది అవతలి వైపు కాంతి కళ్లలో పడకుండా ఉండటానికి. కాని మేం ఎత్తున కూర్చుంటాం. మా హెడ్‌లైట్లు చెట్ల వెనక దాగిపోతాయి, మా కళ్లు మాత్రం చెట్ల పైన ఉంటాయి. కారు కెమెరాకు మా దీపం కనిపించకపోతే అది హై బీమ్ దించదు. చౌటుప్పల్ నుంచి నకిరేకల్ దాకా ఇలాంటి కార్లు ఎన్నో ఎదురవుతాయి. డ్రైవరు తప్పు చేయాలని చేయడు, బండి చూసుకుంటుందని నమ్మి లీవరును వదిలేస్తాడు.

ఇంకొకటి, వెనక నుంచి వచ్చే హై బీమ్. రెండు పక్కల అద్దాల్లోంచి మొత్తం వెలుతురు మా మొహం మీదే పడుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే రెండుసార్లు డిప్పర్ కొట్టండి చాలు, దారి ఇస్తాం. లైటు పెట్టుకొని వెనకే నిలబడితే పక్కన వచ్చే స్కూటరు మాకు అద్దంలో కనిపించదు, ముప్పు వాళ్లకే.

మా వాళ్ల తప్పూ చెప్పాలి. టైరు పేలితే రోడ్డు మీదే ఆపి, చుట్టూ రాళ్లు పెట్టి, పని అయిపోయాక ఆ రాళ్లు తీయకుండా పోయేవాళ్లను నేను వదలకుండా తిడతాను. ట్రయాంగిల్ బండిలోనే ఉంటుంది. తీసి వెనక దూరంగా పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

పీహెచ్‌సీ_నర్సు (దేవరకద్ర)

కార్ల గురించి, లారీల గురించి అయింది. స్కూటర్ మీద పోయేవాళ్ల సంగతి ఎవరైనా అడుగుతారేమో అని చూశాను.

ఆలస్యమైన రోజుల్లో దేవరకద్ర నుంచి మహబూబ్‌నగర్ దాకా 167వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రే వెళ్తాను. ఎదురుగా హై బీమ్ వస్తే మాకు ఉన్నది ఒకటే దారి, వేగం తగ్గించి అంచుకు జరగడం. తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉన్న చోట చక్రం దిగితే పడిపోతాం. ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఎవరూ గుద్దకుండానే ఇలా పడి చెయ్యి విరిగినవాళ్లు ఉంటారు. వాళ్లది ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలియదు కాని కట్టు కట్టేది మేమే.

2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. మంచిదే. ఆ దీపాన్ని కారు కెమెరా గుర్తుపడుతుందా? గుర్తుపడితే నా ఓటు ఆ కార్లకే. దానితో పాటు ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా అంటాను. రోడ్డు మీద వడ్లు ఆరబోసి రాత్రికి నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడితే, ఏ కంపెనీ దీపం మమ్మల్ని కాపాడుతుంది?

హాలియా_రైతు

సిస్టర్ గారు అడిగింది న్యాయమే. నేను సాగర్ ఎడమ కాలువ కింద వరి పండిస్తాను కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. కోత యంత్రంతో కోసిన పంట పచ్చిగా వస్తుంది, రెండు మూడు రోజులు ఎండాలి. ఊళ్లో ఉన్న కల్లాలు అందరికీ సరిపోవు. తారు రోడ్డు మీద తొందరగా ఎండుతుందని అందరికీ తెలుసు. మబ్బు పట్టిందంటే ఆ ఆరు నెలల కష్టం కళ్ల ముందే తడిసిపోతుంది. అయినా రోడ్డు మీద మనిషి పడి చనిపోతే ఆ వడ్లు ఏం చేసుకుంటాం? మా ఊళ్లో గత యాసంగి నుంచి చీకటి పడేలోగా కుప్పను మట్టి అంచుకు నూకుతున్నాం, రాళ్లు వద్దన్నాం, పట్టా ఎగిరిపోకుండా ఇసుక బస్తాలు పెడుతున్నాం. అందరూ వింటున్నారని చెప్పను.

ట్రాలీల సంగతి ఇంకా ఘోరం. ట్రాక్టరుకు ముందు రెండు లైట్లు ఉంటాయి. ట్రాలీ వెనక వైరు తెగిపోయి ఏళ్లవుతుంది. పత్తి లోడు ఎత్తితే బోరాలు వెనకకూ పక్కలకూ పొంగి, ఉన్న దీపం కూడా మూసుకుపోతుంది. నల్లగొండ జిల్లాలో పత్తి జిన్నింగ్ మిల్లులకు పోయే కాలంలో రాత్రి రోడ్డు ఎక్కినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కెమెరా దీపాన్ని చూసి పనిచేస్తుందని ఇంజనీరు గారు అన్నారు. దీపమే లేని ట్రాలీని అది ఏమనుకుంటుంది?

వనపర్తి_లైటింగ్

ఖాళీ రోడ్డు అనుకుంటుంది. హై బీమ్ వెలిగించే ఉంచుతుంది. అది మనకు మేలే, ఎందుకంటే ఆ వెలుతురులో ట్రాలీ మన కంటికి ముందే కనపడుతుంది. ట్రాలీని తప్పించే పని మాత్రం డ్రైవరుదే.

సిస్టర్ గారికి: స్కూటరు దీపాన్ని గుర్తుపడుతుంది. చిన్న దీపం, ఒకటే దీపం కాబట్టి కారు కంటే కాస్త దగ్గరికి వచ్చాక. ఒక హెడ్‌లైటు పోయిన లారీ కూడా కెమెరాకు ద్విచక్ర వాహనంలా అనిపించే ప్రమాదం ఉంది. అప్పుడు చీకటి ముక్క సన్నగా వస్తుంది, లారీ డ్రైవరు కళ్లలో కాంతి పడుతుంది. దీపం లేని సైకిలు, నడిచే మనిషి, గొర్రెల మంద వీటిని వెలుగులోనే ఉంచుతుంది. నడిచే మనిషి కళ్లలో హై బీమ్ పడటం మాత్రం దీనిలో ఉన్న లోటే.

కంటి_డాక్టరు (మహబూబ్‌నగర్)

దీపాల గురించి ఇంత మాట్లాడుకున్నారు, వాటిని చూసే కంటి గురించి రెండు మాటలు.

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. బలమైన కాంతి ఒక్కసారి పడితే ఆ అలవాటు చెదిరిపోతుంది, మళ్లీ తేరుకునే ఆ కొన్ని సెకన్లలో డ్రైవరు దాదాపు గుడ్డిగానే నడుపుతున్నాడు. వయసుతో ఇది పెరుగుతుంది. అరవై ఏళ్ల మనిషి రెటీనాకు చేరే కాంతి ఇరవై ఏళ్ల కుర్రవాడికి చేరేదానిలో సుమారు మూడో వంతే. శుక్లం మొదలైనవాళ్లకు ఎదుటి దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి, కాంతి కంట్లోనే చెదిరిపోతుంది. పగలు చక్కగా చదవగలుగుతున్నారు కదా అని రాత్రి డ్రైవింగ్‌కు సరిపోతుందనుకోవద్దు. మీ ఇంట్లో పెద్దవాళ్లు రాత్రి నడపడం ఇబ్బందిగా ఉందని అంటే దయచేసి లైట్లు మార్చే ముందు పరీక్ష చేయించండి. పాలమూరు నుంచి ముంబై, పుణె దారుల్లో ఏళ్ల తరబడి బండ్లు తోలి వచ్చిన డ్రైవర్లు చాలా ఆలస్యంగా మా దగ్గరికి వస్తున్నారు. అది నన్ను బాధపెడుతుంది.

పసుపు రంగు నైట్ డ్రైవింగ్ కళ్లజోళ్లు కొనకండి. అవి కంటికి చేరే మొత్తం కాంతినే తగ్గిస్తాయి, నడిచే మనిషి ఇంకా ఆలస్యంగా కనిపిస్తాడు. ఎదుటి కాంతి పడినప్పుడు దాని వైపు చూడకుండా చూపును రోడ్డు ఎడమ తెల్ల గీత మీద ఉంచి, వేగం తగ్గించండి. ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా తుడవండి. లోపల పేరుకునే సన్నని జిడ్డు పొర కాంతిని చెదరగొడుతుంది, ఎక్కువమంది బయట మాత్రమే తుడుస్తారు.

జడ్చర్ల_ఎలక్ట్రీషియన్

నాది ఆటో ఎలక్ట్రికల్ దుకాణం, 44వ నంబరు హైవే పక్కనే. లక్షన్నర పెట్టే ముందు ఏమీ పెట్టకుండా అయ్యే పని చెబుతాను.

స్టీరింగ్ పక్కన డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. హెడ్‌లైటు ఎత్తు సరిచేసేది. దాన్ని ఎప్పుడూ తాకనివాళ్లే ఎక్కువ. వెనక సీట్లో ముగ్గురు కూర్చొని, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే బండి వెనక దిగి ముందు లేస్తుంది, లో బీమ్ కూడా ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. బరువు పెరిగేకొద్దీ ఆ అంకె పెంచాలి. ఖాళీ అయ్యాక మళ్లీ 0కి తేవాలి.

అలైన్‌మెంట్ చూసుకోవడం కూడా తేలికే. చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపండి, టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి. లో బీమ్ పైగీత హెడ్‌లైటు మధ్య ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కింద పడాలి. హెడ్‌లైటు నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే అప్పుడు కాంతి 70 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అదే 20 సెంటీమీటర్లు కింద పడితే 35 మీటర్లకే ఆగిపోతుంది. గోడ మీద అంత చిన్న తేడా రోడ్డు మీద సగానికి సగం. మన దేశంలో ఎడమ వైపు నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమ చివర కాస్త పైకి లేచి ఉండాలి. కుడి వైపు లేచి ఉంటే ఆ దీపం మన రోడ్డు కోసం చేసింది కాదు, మార్చేయండి.

ఇక ఎల్ఈడీ కిట్లు. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే, ఫిలమెంటు ఉండాల్సిన చోట కాంతి పుట్టదు, రిఫ్లెక్టర్ దాన్ని ఇష్టం వచ్చిన చోటికి చల్లుతుంది. లోపల కూర్చున్నవాళ్లకు ముందంతా తెల్లగా కనిపిస్తుంది, దూరం మాత్రం తగ్గుతుంది. హై, లో బీమ్‌లు రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 రకం 60/55 వాట్లు. దాని చోట 100/90 వేయమని అడిగేవాళ్లు వస్తారు. మామూలు వైరింగ్ మీద అది హోల్డరును కరిగిస్తుంది, నేను వేయను. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 106వ నియమం చదవండి. 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకూడదని స్పష్టంగా ఉంది. చట్టం ఉన్నా బజారులో కిట్లు అమ్ముతూనే ఉన్నారు, ఈ విషయంలో నాకు చాలా కోపం.

మన ఎండకు హెడ్‌లైటు పైప్లాస్టిక్ పసుపుపచ్చగా మారిపోతుంది. అలా మసకబారితే ఎంత మంచి బల్బు వేసినా వెలుతురు రాదు. సన్న ఎమరీ పేపరుతో తడిపి రుద్ది, పాలిష్ పెట్టి, పైన యూవీ పూత వేయించండి. పూత వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్లీ అదే కథ.

అచ్చంపేట_నుంచి

మలుపు దీపాల మాట వచ్చింది కాబట్టి ఇది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు నిషేధం, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు వేస్తారు. అందువల్ల శ్రీశైలం పోయేవాళ్లు సాయంత్రం ఏడు, ఎనిమిది గంటలకు హడావుడిగా లోపలికి వచ్చి, గేటు పడేలోగా దాటాలని వేగంగా పోతారు. దోమలపెంట తర్వాత ఘాట్ మలుపుల్లో మామూలు దీపం లోయ వైపు వెలిగిస్తుంది, రోడ్డు పక్కకు పోతుంది. అక్కడ మలుపు దీపం ఉన్న కారులో ప్రయాణించి చూశాను, తేడా తెలిసింది. మలుపు లోపలి అంచున నిలబడ్డ దుప్పి ముందే కనిపించింది. దుప్పులు కాంతి పడితే కదలవు. కనిపించగానే లో బీమ్‌కు దించి, నెమ్మదించి ఆగండి, హారన్ కొట్టవద్దు.

మల్లేపల్లి_దారి

అందరికీ ధన్యవాదాలు. బ్రోచర్ తెప్పించి చూశాను. దానిలో రాసింది ఆటో హై బీమ్ మాత్రమే. మ్యాట్రిక్స్ అన్న మాట ఎక్కడా లేదు. కింది వేరియంట్‌లో మామూలు ఎల్ఈడీ ప్రొజెక్టర్ దీపాలు, ఎత్తు సరిచేసే చక్రం, కార్నరింగ్ ఫాగ్ ల్యాంపులు ఉన్నాయి. ఇక నా అనుమానం ఒక్కటే. మాది డివైడర్ లేని రోడ్డు, ఆటో హై బీమ్ వల్ల నాకు నిజంగా ఒరిగేది ఏమైనా ఉందా?

వనపర్తి_లైటింగ్

ఉంది కాని లక్షన్నర విలువైనది కాదు. లీవరు మీద చెయ్యి అలవాటుగా ఉన్నవాళ్లు అంతకంటే ముందే దించగలరు. మనిషి మిట్ట మీద ఎదుటి బండి కాంతి ఆకాశంలో పడటం చూసి ముందే దించుతాడు. కెమెరా దీపం కంటపడ్డాకే దించుతుంది. వాన, దట్టమైన మంచు, అద్దం మీద బురద ఉన్నప్పుడు దాన్ని నమ్మవద్దు. చలికాలం తెల్లవారుజామున బీచుపల్లి దగ్గర కృష్ణా నది మీద మంచు కమ్మితే హై బీమ్ అసలే వద్దు, కాంతి తిరిగి మన కళ్లలోకే వస్తుంది.

పై వేరియంట్‌లో దానంతట అదే బ్రేకు వేసే వ్యవస్థ లాంటివి ఉంటే వాటి కోసం కొనడం వేరే లెక్క, దాన్ని విడిగా ఆలోచించండి. దీపాల కోసమే అయితే కింది వేరియంట్ తీసుకోండి. కొనే ముందు పట్టుబట్టి రాత్రిపూటే టెస్ట్ డ్రైవ్ అడగండి. షోరూము ముందు వీధిదీపాల కింద తిప్పితే ఏమీ తెలియదు. ఊరి బయట చీకటి రోడ్డు మీద లో బీమ్ పెట్టి, ఎడమ అంచున ముదురు రంగు చొక్కా వేసుకున్న మనిషిని నిలబెట్టి, ఎంత దూరం నుంచి కనిపిస్తాడో చూడండి.

మిగిలిన డబ్బులో కొంత మీ ఊరి ట్రాలీలకు పెట్టమని అడుగుతాను. రిఫ్లెక్టివ్ టేపు మీద పడిన కాంతి వచ్చిన వైపే తిరిగి వెళ్తుంది కాబట్టి లో బీమ్‌లో కూడా 100 మీటర్లకు పైనుంచే మెరుస్తుంది. వైరు తెగడం, బల్బు మాడటం ఉండదు. ఏఐఎస్-090 ప్రమాణం ముద్ర ఉన్న టేపే తీసుకోండి, అలంకారానికి అమ్మే మెరుపు కాగితం వద్దు. వెనక ఎరుపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు.

ట్రైలర్_డ్రైవర్

ఇది మంచి మాట. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా సాగర్ పోయే 565వ నంబరు రోడ్డు మీద ట్రాలీలకు టేపు ఉంటే మాకు సగం భయం పోతుంది.

హాలియా_రైతు

మా ఊళ్లో ట్రాక్టరు ఉన్నవాళ్లతో మాట్లాడాను. యాసంగి కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, అంతకు ముందే అంటించుకుంటామని ఒప్పుకున్నారు. టేపు చుట్టలు మేమే కొనుక్కుంటాం. మల్లేపల్లి గారు మీ ఎన్ఎస్ఎస్ విద్యార్థులను ఒక ఆదివారం పంపితే కొనుగోలు కేంద్రం దగ్గరే అన్ని ట్రాలీలకూ ఒకేసారి అయిపోతుంది.

మల్లేపల్లి_దారి

తప్పకుండా తీసుకొస్తాను. ఉగాది సెలవుల తర్వాత మొదటి ఆదివారం ఉదయం ఏడుకే వస్తాం, ఎండ ముదరక ముందే ముగించవచ్చు. పత్తి బోరాలు పొంగితే వెనక దీపం మూసుకుపోతుందన్నారు కదా, మరి టేపు ఎక్కడ అంటించాలి?

జడ్చర్ల_ఎలక్ట్రీషియన్

వెనక తలుపు మీద వద్దు. తలుపు కింద ఉండే ఇనుప చట్రం మీద, రెండు చివరలా అంటించండి. బోరాలు ఎంత పొంగినా అక్కడికి దిగవు, ట్రాలీ వెడల్పు ఎంతో కూడా వెనక వచ్చేవాళ్లకు తెలుస్తుంది. ముందు తుప్పును బ్రష్‌తో గీకి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నూనె, డీజిల్ మరక ఉంటే థిన్నర్‌తో తుడవండి. పొడి గుడ్డతో గట్టిగా నొక్కి అంటించాక ఆ రోజంతా నీళ్లు తగలనివ్వకండి.